కాంగ్ దెషూన్ పొట్లం

గ్వాంగ్‌ఫూ కోట గోడ మీద ఇంకా చీకటి.
కందకంలో నీళ్ళు రాత్రికి రాత్రే గట్టిపడ్డాయి.
రెల్లు కాడలు ఎక్కడివక్కడ పట్టుబడిపోయాయి.
గాడిద మాంసం సాసేజీలమ్మే మనిషి
ఇంకా పొయ్యి రాజెయ్యలేదు.
మందుల కొట్టు వెనక పెరట్లో
ఔయాంగ్ తాత, నేను, ఎదురెదురుగా.
మణికట్టుకి మణికట్టు.

"తొయ్యకు" అంటాడు. "విను."

ఏడేళ్ళుగా అదే మాట.
చేత్తో వినడమేమిటని మొదటి ఏడాది నవ్వొచ్చేది,
రెండో ఏడాది ఏడుపొచ్చేది.
మూడో ఏట ఒక రోజు
ఆయన అడుగు వెయ్యకముందే
మడమలో పుట్టిన ఆలోచన
నడుము మీదుగా, మోచేతి మీదుగా పాకి
నా చర్మం దాకా వచ్చింది.
పిల్లి నడిచినంత చప్పుడు, అంతే.
విన్నానన్న సంతోషంలో ఉండగానే
వెళ్ళి దానిమ్మ చెట్టుకి కొట్టుకున్నాను.

పొద్దెక్కాక కొట్టు తెరుస్తాం.
బల్ల మీద చిన్న దిండు, దిండు మీద ఎవరిదో చెయ్యి.
నన్ను చెట్టుకేసి విసిరిన వేళ్ళే
బస్సు డ్రైవరు భార్యకి పోయిన నిద్రని
పైపైన ఒకసారి, కాస్త లోపల ఒకసారి,
ఎముక దగ్గర ఒకసారి వెతుకుతాయి.
పెరట్లో పనికీ ఈ పనికీ తేడా ఏమిటని అడిగితే
"ఇక్కడ డబ్బులిస్తారు" అన్నాడు.

నాది తూకం పని.
గోడంతా సొరుగులు, చేతిలో వెదురు త్రాసు,
గోళ్ళ కింద ఎప్పటికీ వదలని పసుపు రంగు.

ఆకులు రాలే కాలం నుంచీ ఒక చీటీ వస్తోంది.
పేరు కాంగ్ దెషూన్. వయసు రాయలేదు, ఊరు రాయలేదు.
తేనెలో వేయించిన అతిమధురం,
దాల్చిన రెమ్మలు, జిన్సెంగ్ వేరు,
గాడిద తోలు జిగురు, పచ్చి అల్లం,
ఎండు రేగుపళ్ళు పది.
గుండె తడబడేవాళ్ళకిచ్చే మందని నాకూ తెలుసు.
సాయంత్రం కట్టి అల్మరా మీద పెడితే
పొద్దుటికి ఉండదు.
ఎన్నడూ చూడని ఆ మనిషి మీద జాలేసి
పదికి ఇంకో రెండు కలిపేదాన్ని.
ఒంటరివాడేమో. నోటికి కాస్త తీపి తగిలితే
పోయేదేముంది.

ఈ రోజు చలి మరీ ఎక్కువ.
చేతులు తిరుగుతున్నాయి, విసుర్రాయి తిరిగినట్టు, నిదానంగా.
ఆయన బరువు కుడికాలి మీదికి జారింది,
దాని వెనకే నేనూ జారాను.
ఎడమకి మళ్ళింది, నేనూ మళ్ళాను.
అక్కడ
ఏమీ లేదు.

చీకట్లో ఇంకో మెట్టుందనుకుని కాలు వేస్తే ఎలా ఉంటుంది? అలా.
ఎత్తు కాదది. ఎత్తుగడకి వెనక ఒక ఉద్దేశముంటుంది.
ఇది ఎవరూ అనుకోని ఖాళీ.
ఒక అదురు, ఇంకో అదురు,
ఆ తర్వాత రావలసింది రాలేదు.
ఆలస్యంగా వచ్చి, బడికి పొద్దుపోయి వచ్చిన పిల్లాడిలా
గుమ్మంలోనే నిలబడింది.

ఏడేళ్ళలో మొదటిసారి ఆయన తొయ్యడానికి దొరికాడు.
చిటికెన వేలు చాలు.
నేను తొయ్యలేదు.
తొయ్యలేదన్న సంగతిని కూడా ఆయన విన్నాడు.

చేతులు ఆగలేదు. ఇంకో చుట్టు తిరిగాయి.
రెల్లులోంచి ఏదో పక్షి మంచు విదిలించుకుని లేచింది.
రాత్రిళ్ళు వంటింట్లోంచి వచ్చే మట్టికుండ వాసన,
"మా ఆవిడ మోకాళ్ళకిలే" అన్న ఆయన మాట,
మోకాళ్ళ మందులో అతిమధురం అంత ఎందుకని
ఒక్కసారైనా అనుకోని నా బుర్ర.
అన్ని సొరుగులూ ఒకేసారి తెరుచుకున్నాయి.

కాంగ్ దెషూన్ ఎవరని నేను అడగలేదు.

"ఆ పొట్లంలో" అన్నాడు, మణికట్టు తియ్యకుండానే,
"రేగుపళ్ళు పది రాశాను. పన్నెండు వస్తున్నాయి."

"లెక్క తప్పాను."

"తప్పావు."
మా ఇద్దరి ఊపిర్లూ తెల్లగా లేచి మధ్యలో కలిసిపోయాయి.
"దిద్దుకోకు."

అవతల వీధిలో పొయ్యి అంటుకుంది, పొగ గోడ దాటింది.
నా ముక్కు కారుతోంది, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

"ఎడమ మడమ తేలిపోతోంది నీకు" అన్నాడు.
"మళ్ళీ."