చివరి అచ్చు

మోంతెవిదేవోలో జూలై అంటే చలికాలం.
నది మీంచి వచ్చే తేమకి
గోడలే కాదు, ఫోటోలూ చెమరుస్తాయి.
ప్రెస్సు వెనకగదిలో యమందూ
పుల్లకి దూది చుట్టి
ఒక్కో మొహం మీది బూజు తీస్తున్నాడు,
నిద్రపోయే పిల్లకి ముక్కు తుడిచినట్టు.

నా పని ప్రూఫులు దిద్దడం.
ముప్పై ఏళ్లుగా మందుల కరపత్రాలు, శుభలేఖలు,
ఒకసారి పశువుల వేలం జాబితా.
ఇందులో మాత్రం పేజీకి నాలుగుసార్లు
కలం కింద పెట్టాల్సి వస్తోంది.

సుల్మా రోజూ నాలుగింటికి వస్తుంది.
చంకలో ఫ్లాస్కు, చేతిలో మాతే బుర్ర,
రెండు కళ్లలోనూ శుక్లాలు.
ఫోటో ఇస్తే మొహం చూడదు.
ముక్కుకి ఆనించుకుని గౌను చూస్తుంది.
ఏ ఏడాదని అడిగితే కసురుతుంది.
"ఏడాదులు నాకేం తెలుసు?
ఇది ఆకుపచ్చ సాటిన్, మూడు మీటర్లు,
అప్పు పెట్టి కొన్నాను.
ఒక్క రాత్రికని మిర్తా పట్టుకెళ్లింది.
ఇప్పటిదాకా తిరిగివ్వలేదు."

నలభై ఏళ్ల కోపం
ఇంకా వేడిగానే ఉంది, ఆ ఫ్లాస్కులో నీళ్లలా.

పక్క బల్ల మీద ఠాణా రిజిస్టరు నకలు.
గుండ్రటి దస్తూరి.
బడిలో చూచిరాతకి బహుమతి కొట్టినవాడెవడో రాసుంటాడు.
నూటపన్నెండో పేజీ చదివి వినిపించాను:
తేదీ. ఇంట్లో పెట్టిన పేరు.
గౌను ఒకటి, ఆకుపచ్చ, స్వాధీనం.
చెప్పులు ఒక జత, ఒక మడమ విరిగినది.
వీధి పేరు.

సుల్మా నోటి దాకా వెళ్లిన గొట్టం
అక్కడే ఆగిపోయింది.
"అది మా వీధి," అంది.
కాసేపటికి,
"తిరిగివ్వడానికే వస్తోందన్నమాట."

మా భాషలో మాట చివర ఒక అచ్చు నిలబడుతుంది.
ఓ అయితే మగ, ఆ అయితే ఆడ.
పట్టుబడ్డ మనిషన్న మాటకీ అదే లెక్క.
ఆ ఒక్క అచ్చు కోసమే
లాఠీ, లాకప్పు, ఈ గుండ్రటి దస్తూరి.
ఇప్పుడు నా ఎర్ర కలం
ఆ ఓ మీదే వచ్చి ఆగింది.
దిద్దితే గుమాస్తా మంచివాడైపోతాడు.
దిద్దకపోతే ఆమెని మళ్లీ లోపల వేసినట్టు.

"రిజిస్టరు జోలికెళ్లకు," అన్నాడు యమందూ.
"వాళ్ల తప్పు వాళ్ల చేతిరాతలోనే ఉండనీ.
కింద మనం మిర్తా అని రాద్దాం."

సరే. మరి చివర్లో అకారాది సూచిక?
ఇంటిపేరు పక్కన ఆ పాత పేరు ఎందుకు, తీసేద్దాం అన్నాను.
తన పాత పేరు ఎవరికీ చెప్పని యమందూ
తలూపాడు.
సుల్మా ఊపలేదు.

"గౌను పోయిన వారానికి
ఒకావిడ వచ్చింది, వెంట మనిషి లేకుండా,
వానకి తడిసిన కోటుతో.
ఆ పేరే అడిగింది.
ఆ పేరు మాకెవ్వరికీ తెలీదు.
అలాంటివాళ్లెవరూ లేరమ్మా అని
తలుపేసేశాం.
దాని ముక్కే, ఆవిడది.
మెట్లు దిగాక వెలిగింది నాకు."

ఎవరం ఏమీ అనలేదు.
బయట బస్సు బ్రేకు కీచుమంది.

ఆ పేరు ఉంచాను. చిన్న అక్షరాల్లో,
ఎదురుగా పేజీ అంకె లేకుండా,
రెండే మాటలు: మిర్తా చూడు.
ఆవిడ బతికుంటే తొంభై దాటి ఉంటుంది.
సూచికలు వెతికే మనిషో కాదో.

'ఆ' కింద సుల్మా పట్టుబట్టి ఇంకోటి చేర్పించింది:
ఆకుపచ్చ సాటిన్, మూడు మీటర్లు, 112.

శుక్రవారం మిషను తిరిగింది.
మొదటి కాగితం ఇంకా తడిగా ఉండగానే
ముక్కుకి ఆనించుకుంది,
అంచు రెండు వేళ్ల మధ్య నలిపి చూసింది,
కొట్లో బట్ట నాణ్యం చూసినట్టు.
"పల్చన," అంది.
"ఇంకొంచెం డబ్బు పెట్టి
మంచి రకం తేవాల్సింది."