మిగిలిన తప్పు

కుటాయిసిలో, రియోనీ నది ఒడ్డున
ఐదంతస్తుల పాత భవనం.
నాలుగో అంతస్తులో మా పరీక్షల గది.
లిఫ్టు కదలాలంటే ఇరవై తెత్రీల బిళ్ళ వెయ్యాలి,
ఆ పెట్టె తాళంచెవి గులికో మెడలో ఉంటుంది.

లామారా బల్ల మీద పడుకుంది. ఇరవై ఆరో వారం.
ఛాతీ మీద రెండు తీగలు, పొట్ట మీద నాలుగు.
జెల్లు చల్లగా ఉందని నన్ను తిట్టింది.

పొట్ట మీది తీగల్లో ఇద్దరున్నారు:
తల్లి గుండె డప్పు,
దాని అడుగున ఎక్కడో
గాజు మీద గోరుతో తట్టినట్టు ఇంకొకటి.
ఛాతీ తీగల్లో తల్లి ఒక్కతే.
ఆ ఒక్కదాన్ని చూసి నేర్చుకుని
ఈ ఇద్దరిలోంచి ఆమెను తీసెయ్యాలి.
చెప్పినంత తేలికేం కాదు.
ఛాతీ దగ్గర నిటారుగా లేచిన అల
పొట్ట దాకా వచ్చేసరికి వంగిపోతుంది,
ఊపిరి పీల్చినప్పుడొకలా, వదిలినప్పుడొకలా.
అందుకే ఈ జల్లెడ తన కన్నాలను తానే
క్షణక్షణం సవరించుకోవాలి.
ఊహించి, తీసేసి, ఎంత తప్పిందో చూసుకుని,
ఆ తప్పులో వీసమెత్తు మాత్రం దిద్దుకుని,
మళ్ళీ.

నిరుటిదాకా ఇక్కడే దెబ్బతిన్నాను.
ఎవరో బిళ్ళ వేస్తారు, మోటారు ఉలిక్కిపడుతుంది,
తెర మీద తాటిచెట్టంత గీత.
నా జల్లెడ దాన్ని నమ్మేసేది.
నేర్చుకున్నదంతా పారబోసుకుని
అర నిమిషం వెర్రెత్తినట్టు తిరిగేది.

ఒక సాయంత్రం గులికో బిళ్ళలు లెక్కపెడుతూ
మూడో అంతస్తు వాళ్ళ తగువు చెబుతోంది:
"గొంతు చించుకునేవాడు ఎటువైపున్నాడో వింటే చాలు.
ఎంత అరిచాడో లెక్కెయ్యకు."
ఇంటికెళ్ళి, బూట్లైనా విప్పకుండా ఒక్క వరుస రాశాను.
తప్పు మరీ పెద్దదైతే దాని దిక్కే తీసుకో,
పైకా, కిందికా. కొలత వద్దు.

ఇవాళ లిఫ్టు మూడుసార్లు కదిలింది.
జల్లెడ ఓసారి తల తిప్పి చూసి తన పనిలో పడింది.
చివరికి, ఎంత దిద్దినా పోని ఆ తప్పులో
(దాన్ని మేం తప్పు అనే పిలుస్తాం)
నిమిషానికి నూట నలభై ఎనిమిది.

స్పీకరు పెట్టాను.
లామారా చాలాసేపు విన్నది.
"మరి నాదేది?"
"తీసేశాను."
ఆమె గుండె పరుగందుకుంది.
పాత లెక్కలన్నీ చెదిరి, బిడ్డ మునిగిపోయింది.
"ఏమైంది?" అంటూ లేవబోయింది.
కదలకు, అన్నాను,
అది నిన్ను మళ్ళీ నేర్చుకుంటోంది.

పదకొండు సెకన్లు.
లిఫ్టులో ఎవరో బిళ్ళ వేశారు, మోటారు మూలిగింది.
ఆ వెనకే,
గాజు మీద గోరు.