తాడు వాలిన వైపు

జూరాల గేట్లెత్తిన మూడోనాడు
సోమశిల రేవు నుంచి పడవ.
చివర ఇత్తడి గొట్టంలో థర్మామీటరు కట్టిన తాడు,
మీటరుకొక ఎర్రదారం ముడి,
నా ఒళ్లో తడిసి తడిసి ఉబ్బిన నోటుబుక్కు.

ఎర్రనీళ్లు ఉరుకుతూ వచ్చి
ఒక గీత దగ్గర ఉన్నట్టుండి లేవు.
గీత మీద నురగ, తుమ్మకొమ్మలు,
ఎవరిదో ఎడమకాలి చెప్పు.
ఇవతల నీళ్లు పచ్చగా, ఏమీ ఎరగనట్టు.

"యాడికి పోయినయి మద్దిలేటీ?"
"యాడికి పోతయి సార్, సల్లగున్నయి, బురద మోస్తున్నయి.
బరువున్నోడు కింద కూసుంటడు."

లంగరు రాయి వేశాం. తాడు వదిలాను.
పైన ఇరవై తొమ్మిదిన్నర.
చిన్నప్పుడు మోటబాయిలో దూకితే
నడుము దాకా ఎండకాలం, పాదాలకు చలికాలం.
పద్దెనిమిదో ముడి దగ్గర ఆ పాదాలే గుర్తొచ్చాయి.
ఇరవై ఆరు.
అక్కడి నుంచి తాడు నిలువుగా దిగలేదు.
అలలు కొల్లాపురం ఒడ్డుకు పోతుంటే
తాడు నల్లమల వైపు వాలింది.

మద్దిలేటి దాన్ని రెండు వేళ్లతో పట్టి చూశాడు,
సంతలో తువ్వాల కింద
ఎద్దుల బేరమాడే వేళ్లతో.
"ఈడ పాత ఏరు మలుపు తిరుగుతది సార్.
మా నాయిన ఎండకాలం ఇక్కన్నే దిగి
అవతలికి మేకల తోలుకపోయెటోడు.
పైనీళ్లు గాలి మాటింటయి.
కిందినీళ్లు గుంత మాటింటయి."

నేను సముద్రం చూడలేదు.
ట్రైనింగులో గోడకేసిన పటం చూశాను:
ఉప్పెక్కి, చలికి గడ్డకట్టబోయి, బరువైన నీళ్లు
దక్షిణాన మంచు అంచుల్లో మునుగుతాయట.
అడుగున కొండల వరసలు, ఎవరి ఎండా తగలనివి.
నీళ్లు కొండనెక్కవు.
గొర్రెలు గెట్టు వెంబడి పోయినట్టు
వాలును ఒరుసుకుంటూ పోతాయి,
ఎక్కడో ఒక కనుమ దొరికితే
తోసుకుంటూ అటు దొర్లుతాయి.
మళ్లీ పైకి వచ్చి ఎండ చూసేసరికి
కొన్ని వందల ఏళ్లు.
పెద్దసారు కర్రతో ఆ దారి చూపిస్తుంటే
మధ్యాహ్నం అన్నం తిని ఉన్నాను, నిద్రొచ్చింది.

ఇదంతా మద్దిలేటికి చెప్పాను, నిద్ర సంగతి తప్ప.
బీడీ ఆరిపోయింది ఆయనకు.
"ఆ కొండలకు పేర్లున్నయా?"
"ఉన్నాయి."
"ఎవలూ సూడందే ఎట్ల వెట్టిన్రు?"
"చప్పుడు పంపి, తిరిగొచ్చేదాకా లెక్కపెట్టి."
చాలాసేపు నీళ్లవైపే చూశాడు.
"మాదానికి చప్పుడెందుకు సార్,
మడిమలకు ఎరుకే."

నోటుబుక్కులో ప్రవాహ దిశ అనే గడి.
ఆగ్నేయం అని రాశాను.
"ఏం రాసినవు?"
చెప్పాను.
"గట్ల కాదు. మేకల రేవు అని రాయి."

గడి చిన్నది.
మే దగ్గరే సిరా చెదిరింది.
నా ఎడమచేతిలో తాడు
ఇంకా అటే గుంజుతోంది.