వేలంత చిల్లి

నా కన్ను జీతానికి పనిచేస్తాది.
కార్ల ఫ్యాక్టరీలో, రంగు ఆరినాక,
ట్యూబులైట్ల వరుస కింద
తలుపుల మింద, బానెట్ల మింద
వెంట్రుకంత గీత, ఆవగింజంత బుడిపె
యాడుందో పట్టుకుని
పక్కన నీలం బాణం అతికించాల.
ఎనిమిది గంటలు. నడుమ ఒక టీ.

ట్రైనింగుకని ఆరు వారాలు కొరియాకు పంపిరి.
ఒక ఆదివారం ఓ మేడం
వాళ్ళ రాజుల నగరు చూపిస్తానని పిలుచుకపోయింది.
ఆమె ఇంటిపేరే ‘ఓ’.
పిలిచినప్పుడల్లా
ఎవరినో పిలవబోయి పేరు మర్చిపోయినట్టుంటాది.

వాళ్ళ గుడ్డలు కట్టుకుంటే టికెట్టు లేదంట.
బాడుగకు తెచ్చిన పావడా, గుమ్మడిపువ్వు రంగు,
చంకల కాడినుంచి పాదాల దాకా బుట్ట మాదిరి.
నాకు ముందు కనపడింది
అంచున ఇస్త్రీపెట్టె కాల్చిన మచ్చ.

నగరు పేరు నాలుగుసార్లు చెప్పించుకున్నా
నోరు తిరగల్యా.
చూరు కింద పచ్చ, ఎరుపు, సన్నంగా తెలుపు.
చూస్తానే చెప్పేస్తి: ఇది పాత రంగు కాదు మేడం.
కాలింది, కట్టినారు,
మళ్ళా కూల్చినారు, మళ్ళా కట్టినారు, అనింది,
మిద్దెకు సున్నం కొట్టించిన సంగతి చెప్పినంత తేలిగ్గా.

కొలువుకూటం ముందర బండపరుపు.
దోవకు అటూ ఇటూ కురచ రాళ్ళు, రాళ్ళ మింద అక్షరాలు.
ఒకటో అంతస్తు ఉద్యోగి ఇక్కడ నిలబడాల,
రెండో అంతస్తు ఆ వెనక, అట్లా తొమ్మిది దాకా.
నేను పోయి తొమ్మిదో రాయి పక్కన నిలబడితి.
రాజు కుర్చీ అగ్గిపెట్టెంత కనపడింది.
నా బ్యాడ్జి మింద గ్రేడు గుర్తొచ్చింది.
జేజినాయన చెప్పేటోడు, మనోళ్ళు కోట కావిలోళ్ళని.
వాళ్ళకు రాయి కూడా ఉండదు,
వాకిలి బయట బల్లెమే.

వెనకపక్క, రాణి పండుకునే అర కింద
నేలమట్టానికి ఒక బొక్క.
అందులో కట్టెలు ఎగదోస్తే సెగ నేలకింద పాకి
పైన పరుపు వెచ్చగుంటాదంట.
మోకాళ్ళ మింద కూచుని చెయ్యి పెట్టి చూస్తి.
మసి లేదు.
కొత్త ఇటుకలు. వేలికి దుమ్ము కూడా అంటల్యా.
అంత నగరులో నేను పట్టిన లోపం అదొక్కటే.
కోడి కూయకముందే మంచులో వంగి
నిప్పు ఊదినామె ఎవరో, ఆమె దగ్గు యాడ పోయిందో.
నీలం బాణాలు ఆ పొద్దు నా జేబులో లేవు.

మొన్న ఓ మేడం పెనుకొండకు వచ్చింది.
గగన్‌మహల్ చూపిస్తి. ఇది మా నగరు.
హంపి పాడైనాక
రాజ్యం మూటగట్టుకుని వచ్చి దిగిన ఊరు.
మెట్ల కాడ రెండు మేకలు, తెగిన హవాయి చెప్పు.
ఆమె వంగి నేల తట్టింది: నిప్పు యాడ పెడతారు?
నిప్పెందుకు మేడం, మాకు పైనుంచే పడతాది.
మీ రాజుకు కాళ్ళ కింద సెగ కావాల,
మా రాజుకు నెత్తి మింద గాలి కావాల.

గోడ నిండా గీతలు.
ఫ్యాక్టరీలో బాణాలన్నీ తెచ్చినా చాలవు.
ప్రేమలు, పార్టీలు, సెక్షన్లు, సెల్ నంబర్లు.
ఆమె ఫోన్ లైటు పాకి పాకి ఒకదాని మింద నిలిచింది.
మేకుతో గీసిన నాలుగక్షరాలు: గంగరత్న.
కింద, ఏడు ‘బి’.
ఏమని రాసుంది?
ఎవరో పిల్ల పేరు, అంటి.
మెడలో బ్యాడ్జి వెనక్కు తిప్పుకుంటి,
ఆమెకు తెలుగు రాదని తెలిసి కూడా.

లోపమా? అనింది.
నేను పలకల్యా.

అప్పుడు ఆమే చెప్పింది.
ఏడేండ్లప్పుడు స్కూలోళ్ళు ఆ నగరుకు పిలుచుకపోయినారంట.
తలుపులకు కాగితం అంటించి ఉంటారు, చూస్తివి గదా.
వేలు నాలిక మింద తడిపి ఒత్తితే
చప్పుడు లేకుండా చిల్లి పడతాది.
ఒంటికన్ను పెట్టి చూస్తే
లోపల చీకటి. అంతే.

ఆ తలుపులన్నీ నేను చూసుంటి.
తెల్లగా, బిగుతుగా, యాడా అతుకు లేదు.
ఆ మాట చెప్పల్యా.

ఐదింటికి షిఫ్టు బస్సు.
దిగేముందు పైకిటికీ కాడ ఆగి
ఓ మేడం వేలు తడుపుకుని
ఖాళీ గాలిలోకి, మెల్లగా, ఒత్తింది.