నలభై ఎనిమిది పళ్లు

తాళం తిప్పాను.
ఆయిల్ దీపం వెలిగింది, బ్యాటరీది వెలిగింది,
హ్యాండ్ బ్రేకుది కూడా.
ఏబీఎస్ అని రాసిన చోట మాత్రం
చీకటి.

"చూశావుగా, దీపం లేదు.
అంటే జబ్బూ లేనట్టేగా" అంది రాన్‌వా
వాన కోటు విప్పకుండానే.

చేపల ఫ్యాక్టరీలో తెల్లవారుజాము షిఫ్టు ఆమెది.
కారుకి ముప్పై ఏళ్లు. పాత వోల్వో.
వెనక సీటు మీద ఉన్ని ఉండలు,
ఓ పిల్లాడి బూటు, ఒక్కటే.
ఆగబోయే ముందు, సరిగ్గా ఆగబోయే ముందు
పెడల్ గర్రుమంటుందట,
బూటులో తుమ్మెద దూరినట్టు.
బండి ఇంకో మూర జారుతుందట.
నిన్న సొరంగం దాటాక మలుపులో
ఆ మూర దూరంలో ఓ గొర్రె.
"బతికింది" అంది.
"అది నా వంక చూసిన చూపే ఇంకా వదల్లేదు."

జాకీ ఎత్తాను. పైన రేకుల మీద చప్పుడు.
క్లాక్స్‌విక్‌లో వాన పైనుంచి పడదు,
పక్కనుంచి వస్తుంది, సముద్రపు ఉప్పు మోసుకుని.
ఇనుముకి ఇక్కడ ఆయుష్షు తక్కువ.

తేలికవి ముందు. ఫ్యూజు బాగుంది.
సెన్సర్ తీగలకి మీటరు పెట్టాను:
ఎడమది పదకొండు వందల ఓములు,
కుడిది ఇంచుమించు అంతే.
తీగ తెగితే సుఖం,
తెగానని చెబుతుంది.

చక్రాన్ని చేత్తో తిప్పుతుంటే
మీటరులో ఓల్టేజీ లేచి పడుతోంది ఊపిరిలా.
ఎడమది సాఫీగా.
కుడిది చుట్టుకొక్కసారి
ఎక్కిళ్లు పెడుతోంది.

పంటి కింద రాయి.

టార్చి నోట కరచుకుని
తుప్పు గీకి, మొదటి పన్ను మీద సుద్ద గుర్తు పెట్టి
లెక్క మొదలెట్టాను.
మా అమ్మమ్మ స్వెట్టరు కుట్లు ఇలాగే లెక్కపెట్టేది,
మధ్యలో ఎవరు పిలిచినా పలికేది కాదు.
నలభై ఎనిమిది. అన్నీ ఉన్నాయి.
ముప్పై ఒకటికీ ముప్పై రెండుకీ నడుమ మాత్రం
సందు గోరంచంత ఎక్కువ.
కింద తుప్పు ఉబ్బి రింగు చిట్లింది,
వెంట్రుకంత.

వేగంలో ఆ సందు ఎవరికీ పట్టదు.
నెమ్మదించినప్పుడే
లోపలి పెట్టెకి ఓ క్షణం ఏమీ వినపడదు.
చక్రం బిగుసుకుంది కాబోలనుకుని బ్రేకు వదులుతుంది.
అదే ఆ మూర.
పెట్టె అబద్ధం ఆడలేదు, పాపం.
విన్నది నమ్మింది.

"మరి దీపం?" అంది రాన్‌వా.

డాష్‌బోర్డు ఊడదీయక ముందే నాకు తెలుసు.
ఖాళీ సాకెట్టు, పైన నల్ల టేపు,
మళ్లీ పీకడానికి వీలుగా ఓ మూల మడిచి.
టేపు అలా మడిచేది ఈ ఊళ్లో నేనొక్కణ్ణే.

ఆరేళ్ల క్రితం బండి ఎస్బెర్న్‌ది,
చర్చిలో ఆర్గన్ వాయించేవాడు.
అమ్ముకోవాలి, దీపం ఆరదు,
డెన్మార్క్ నుంచి తెప్పించే సామాను కారు కంటే ఖరీదు.
"ఆ వెలుగు ఒక్కటే కదా ఇబ్బంది" అన్నాడు.
నాలుగు నిమిషాల పని.
డబ్బు తీసుకోలేదు.
తీసుకోకపోవడమే ఎక్కువ గుర్తుంది.
అప్పటి జబ్బు ఇదేనా, వేరేదా,
ఇప్పుడిక తెలిసే దారి లేదు.

"ఆ బల్బు పీకింది నేనే" అన్నాను.

ఆమె నా వంక చూసింది.
గొర్రె ఎలా చూసిందో
నాకు తెలిసింది.

రింగు మంగళవారం ఓడలో వస్తుంది.
అందాకా ఫ్యూజు తీసేశాను.
"మామూలు బ్రేకులుంటాయి, పూర్వం బళ్లలా.
తడి రోడ్డు మీద గట్టిగా తొక్కకు,
చక్రాలు బిగుసుకుంటాయి."
డ్రాయర్లో వెతికి బల్బు తీశాను,
చిటికెన వేలి గోరంత.
పెట్టి, తాళం తిప్పాను.
పసుపు వెలుగు. ఆరలేదు.
ఆరకూడదు కూడా, మంగళవారం దాకా.

ఎంతయిందని ఆమె అడగలేదు.
తలుపు వేసుకుంటూ
"పిల్లాడి బూటు రెండోది ఇక్కడెక్కడైనా కనబడితే చెప్పు" అంది.
వాలు కింద కూడలి దాకా చూస్తూ నిలబడ్డాను.
వెనక ఎర్ర దీపాలు వెలిగాయి.
గీత దగ్గరే ఆగింది.