పిరం

సుబేదారిల, కలెక్టరాఫీసు గోడకానుకొని
నాది రేకుల డబ్బా, ఒక టైపు మిషను.
ఇరవై రెండేండ్ల సంది
పొద్దుగాల మొదలు కొట్టే మాట ఒక్కటే:
డియర్ సర్.

పింఛనికి డియర్ సర్.
బాయి కాడి కరెంటు స్తంభానికి డియర్ సర్.
రెస్పెక్టెడ్ అని కొట్టుమంటరు కొందరు.
పొడుగు మాట, రిబ్బను దండుగ.
నన్ను గట్ల పిలిచేది మాత్రం బ్యాంకొక్కటే,
డియర్ కస్టమర్,
మీ ఖాతాల పైసలు చాలవని.

శాయంపేట నుంచి ఓదెమ్మ అచ్చింది.
కొంగుముడిల రెండు ఫోటోలు,
మడతల కాడ పిగిలిన
మొగని సావు కాయితం.
కొట్టింది సదివి ఇనిపిస్తుంటె
చెయ్యడ్డం పెట్టింది.
"ఆ మొదటి మాటేంది?"
"డియర్. ప్రియమైన అన్నట్టు."
"పిరమైన సారా?"

నవ్వబోయిన. ఆమె నవ్వలే.
"పిరమే బిడ్డా.
బస్సు ఫిరీనే గని
ఏడుపార్లు అచ్చిన, ఏడు కూళ్లు పోయినయి.
జిరాక్సులు, చాయలు,
బంట్రోతు చేతుల యాభై.
ఆ సారంత పిరమైనోడు
మా ఊళ్లె ఎవ్వడు లేడు."

మిషను మీద నా ఏళ్లు ఆగినయి.
తర్వాత లైను:
లేట్ సారంగం భార్య.
"లేటంటే?"
"సచ్చిపోయినోళ్లకు పెడుతరమ్మా."
"ఆయన ఎన్నడు లేటు గాలే.
నాట్లకు ముందే, బువ్వకు ముందే.
పోవుడు గూడ ముందే పోయిండు.
అది తీసెయ్.
ఆ సారుకు పెట్టిన మాట ఈయనకు పెట్టు."

ఆఫీసుల ఒప్పరని తెల్సు.
అయినా కాయితం వెనక్కి తిప్పి
తెల్ల మందు పూసి, ఊది,
ఆరేదాక ఇద్దరం సప్పుడు చెయ్యలే.
డియర్ సారంగం భార్య ఓదెమ్మ.
బొటనేలు ముద్ర ఆ పేరుకు తాకకుంట
జెర పక్కకు ఏసింది.
పైసలిస్తే తీసుకోబుద్ధి గాలే.
ఇరవై అక్కడ పెట్టే పోయింది.

మాపటికి స్వరూప అంగడి సంచి దించి
గోడతోని చెప్పినట్టు చెప్తున్నది:
టమాట పిరం, మంచినూనె పిరం,
చింతపండు ముట్టేటట్టు లేదు.
ఎన్నేండ్ల సంది ఇంటున్ననో ఈ లెక్క.
ఇయ్యాల మాత్రం
పీట జరుపుకొని కూసున్న.
"ఇంకేమేం పిరం, చెప్పు" అన్న.

ఆమె నా దిక్కు చూసింది, దగ్గరికచ్చింది,
వాసన చూసింది.
"తాగినవా ఏంది?"