గంట విప్పిన రాత్రి

అరుపు అని ఒక్కమాటలో తేల్చేశాను మొదట.
నలభై గొంతులు, ఒకటే అరుపు,
రాళ్లు పేర్చిన దొడ్డిగోడ మీంచి పొర్లి
నా పడక మీద పడుతోంది.

క్రీట్ దీవిలో, కొండ భుజాన,
సున్నం ఎరగని రాతి గుడిసెలో
నాకిది మూడో రాత్రి.
మామగారు మనూసోస్ తుంటి విరగ్గొట్టుకుని
రెథిమ్నో ఆస్పత్రిలో మంచాన ఉన్నాడు.
నేను కల్లిరోయిని, రేవు వీధిలో బూట్లమ్ముకునేదాన్ని.
మేకల్లో నాకు తెలిసింది తోలొక్కటే.

టార్చి పట్టుకుని వెళ్లాను.
కళ్లు జతలు జతలుగా వెలిగాయి.
అడ్డంగా చీరినట్టుండే ఆ కంటిపాపలు
తప్పంతా నాదే అన్నట్టు చూశాయి.
తొట్టిలో నీళ్లున్నాయి. గడియ పడే ఉంది.
ఊరకుక్కల జాడ లేదు.
జోడు కరిచిందని గొడవకొచ్చిన గిరాకీని
బుజ్జగించే గొంతుతో
ఊరుకోండమ్మా, ఊరుకోండి అన్నాను.
ఇంకాస్త గట్టిగా అందుకున్నాయి.

రెండింటికి ఫోన్ చేశాను.
మొదటి మోతకే ఎత్తాడు.
"నాకేం చెప్పకు. ఫోను వాటికియ్యి."
స్పీకరు పెట్టి గోడ మీద ఉంచాను.
చాలాసేపు అటు మాట లేదు,
పక్కమంచం రోగి దగ్గు మాత్రం
కొండదాకా ఎక్కివచ్చింది.

అప్పుడు బియ్యంలో రాళ్లేరినట్టు
ఆ గోలలోంచి ఒక్కొక్కటే ఏరాడు.
"సాగదీసేది మావ్రా.
మొన్న పాలు మాన్పించిన పిల్ల కోసం.
రేపటికి గొంతు పోతుంది, ఎల్లుండికి మరుపొస్తుంది,
దాన్ని ఏడవనీ.
ఆ తుంపు తుంపుగా వచ్చేది పాతగడ్డి దుమ్ము,
పొద్దున తడిపి వెయ్యి.
వణుకుతూ తోక ఆడిస్తోందే, చూడు, అది ఎదకొచ్చింది.
దానికి నువ్వూ నేనూ చేసేదేం లేదు."
నవ్వబోయాడు. తుంటి ఒప్పుకోలేదు.

"మిగతావి అరవడం లేదమ్మాయ్.
అడుగుతున్నాయి.
కపెటాన్ గంటేది?"

నా నాలుక పిడచకట్టింది.

మంద ముందు నడిచే ముసలి పోతు, కపెటాన్.
మొదటి రాత్రంతా
వాడు నెమరేసినప్పుడల్లా టంగు,
మెడ గోక్కున్నప్పుడల్లా టంగు టంగు.
రెండో రాత్రి చెవుల్లో దూది పెట్టుకున్నా లాభం లేకపోయింది.
ఈ సాయంత్రం పట్టె విప్పేసి
జున్ను కాచే కాగు వెనక దాచాను.
నిద్ర కోసం.

"చీకట్లో వాడు వాటికి కనపడడు," అన్నాడు.
తిట్టలేదు. తిట్టినా బాగుండేది.
"గంట మోగితే వాడు నెమరేస్తున్నాడని.
వాడు నెమరేస్తుంటే భయం లేదని.
ఆగిపోయిందనుకో,
నువ్వైతే పడుకుంటావా?"

తోలుపట్టె, కన్నం, బకిలు.
ఇది మాత్రం నాకొచ్చిన పనే.
ఒరుసుకుని బొచ్చూడిన చోట నా మెడరుమాలు మడిచి పెట్టి
మూడో కన్నానికి బిగించాను.
కొత్త బూటేసుకుని నడవకముందే ధర అడిగే పెద్దమనిషిలా
కపెటాన్ కదలకుండా నిలబడ్డాడు.
తర్వాత దవడ ఆడించాడు.

టంగు.

ఎక్కడో గోడవార ఒక అరుపు సగంలో ఆగింది,
అడగబోయింది మర్చిపోయినట్టు.
మళ్లీ టంగు.
మోకాళ్లు మడిచి నేలకు దిగుతున్న చప్పుడు,
ఇక్కడొకటి, అక్కడొకటి.
మావ్రా ఒక్కతే మిగిలింది.
ఏడవనిచ్చాను.
పక్కన కూచున్నాను కూడా,
అది ముసలాయన చెప్పని సంగతి.

తెల్లారగట్ల ఫోను గుర్తొచ్చింది.
"మామయ్యా, పడుకున్నాయి," అన్నాను.
బదులు లేదు. గురక.
మందేసినా మూడు రాత్రులుగా కన్ను మూయలేదని
నర్సు మధ్యాహ్నమే చెప్పింది.

బ్యాటరీ పదకొండు శాతం.
తీసుకెళ్లి మళ్లీ గోడ మీద పెట్టాను,
ఈసారి గంటకి ఇంకాస్త దగ్గరగా.